కాలరు లోపలి ముడులు

పోయిన సామాన్ల గది, రైల్వే స్టేషను
ఫిబ్రవరి 4

అక్కా,

నీకు పిచ్చి ఏమైనా పట్టిందా? నీ క్షేమం తర్వాత అడుగుతాను, ముందు దీనికి జవాబు చెప్పు.

ఈ ఉదయం పార్సిలు గుమస్తా మా గది ముందు మూడు పెట్టెలు దింపి, "మేడం, ఇవి పోయిన సామాన్లు కావు, మీకొచ్చిన సామాన్లు" అని నవ్వుకుంటూ పోయాడు. ఇరవై రెండేళ్ళుగా ఈ గదిలో కూర్చుని జనం రైళ్ళలో మర్చిపోయిన గొడుగులకీ సంచులకీ కళ్ళజోళ్ళకీ కాపలా కాస్తున్నాను. నా పేరున ఒక పెట్టె రావడం ఇదే మొదలు. తీసి చూస్తే నీ బట్టలు! పసుపుపచ్చ గౌను, పెద్ద గుండీల కోటు, మనిద్దరికీ ఒకే తానులో కుట్టిన గళ్ళ చొక్కా. నలభై జతలు లెక్కపెట్టి ఆపేశాను. రెండో పెట్టెలో గిన్నెలు, గ్లాసులు, పదకొండు దుప్పట్లు. మూడో దాంట్లో గోడ గడియారం కూడా ఉంది. అది దారి పొడుగునా గంటలు కొడుతూనే వచ్చిందట.

పైన ఒక చీటీ. "ఇవి నాకు అక్కర్లేదు. వాడుకో, లేకపోతే పంచిపెట్టు." అంతే. ఆ అక్షరాలు కూడా గుమ్మడికాయలంత ఉన్నాయి. నా మీద అరిచినట్టుంది.

నీ చేతికి ఎముక లేదని ఎప్పట్నుంచో తెలుసు కానీ ఇది దానం కాదు, ఇల్లు ఊడ్చెయ్యడం. నువ్వు బట్టలు కుట్టి బతికే మనిషివి. జానెడు ముక్క కూడా పారెయ్యని అమ్మ కడుపున పుట్టాం. ఉన్నవన్నీ ఇచ్చేసేవాళ్ళు రెండే రకాలు. లోకం మీద విరక్తి పుట్టినవాళ్ళు ఒకరు. రెండోవాళ్ళ సంగతి నేను కాగితం మీద పెట్టను.

ఒంటరిగా ఉండటం వల్లే ఇలాంటి ఆలోచనలు వస్తాయి. మా ఆయన పోయినప్పట్నుంచీ అడుగుతున్నాను, వచ్చి నాతో ఉండమని. క్వార్టర్సులో ఒక గది ఖాళీగానే ఉంది. ఖాళీ అంటే నీకు తెలుసుగా, కాసిని సామాన్లున్నాయి, సర్దుతాను. ఈ ఉత్తరానికి సరైన జవాబు రాకపోతే నేనే వచ్చి నిన్ను మిషనుతో సహా పార్సిలు చేయించుకుంటాను. ఇది బెదిరింపు కాదు, మాట.

నీ చెల్లెలు
(నువ్వు పెట్టిన పేరు: గోదాం)


మెట్ల మీది గది
ఫిబ్రవరి 15

గోదాంకి,

బతికే ఉన్నాను. విరక్తీ పుట్టలేదు, నువ్వు కాగితం మీద పెట్టనిదీ లేదు. నీ ఉత్తరం విని కింద గుండీల కొట్టాయన కూడా నవ్వాడు.

ఎలా మొదలైందో చెబుతాను. డిసెంబరులో ఒకరోజు తెల్లదారం కావాల్సొచ్చింది. సొరుగులో నూట నలభై రీళ్ళు. అరగంట వెతికాను. దొరికింది కూడా తెలుపు కాదు, లేత పసుపు, అది కుట్టాక తెలిసింది. మొత్తం విప్పాను. ఆ సాయంత్రమే సొరుగు నేల మీద బోర్లించి, పన్నెండు రీళ్ళు ఉంచుకుని తక్కినవి గుండీలాయనకి ఇచ్చేశాను. మర్నాడు సొరుగు లాగితే చెయ్యి నేరుగా వెళ్ళి దారం మీద పడింది. నాకు రుచి తగిలింది.

తర్వాత గిన్నెలు. ఇప్పుడు ఒక కంచం, ఒక గిన్నె, ఒక చెంచా, ఒక గ్లాసు. ఒకే గ్లాసు ఉంటే ఏమవుతుందో నీకు తెలియదు, నీ దగ్గర ముప్ఫై ఉన్నాయి. తాగగానే కడుగుతావు. కడిగి దాని చోట పెడతావు. పెట్టిన చోటే ఉంటుంది. అరవై ఏళ్ళు వస్తున్నాయి, ఒక గ్లాసుతో నాకు ఇంత పరిచయం ఎప్పుడూ లేదు. దాని అంచుకి ఒకచోట గోరంత నొక్కు ఉంది. అక్కడ పెదవి ఆనిస్తే నీళ్ళు ఇంకాస్త చల్లగా ఉన్నట్టుంటాయి. నవ్వుకో, నాకేం.

అసలు సంగతి విను. బట్టలు నీకు పంపాక అలమర ఎందుకని అదీ ఇచ్చేశాను. దాని వెనక కిటికీ! ఈ గదిలో దిగిన రోజు చోటు చాలక నేనే దానికి అడ్డంగా అలమర పెట్టించాను, ఇరవై ఆరేళ్ళు మర్చిపోయాను. గడియ తుప్పు పట్టింది. గుండీలాయన నూనె పోసి సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు. రెక్క తెరుచుకోగానే గాలి వచ్చింది చూడు, నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఎదురింటి మేడ మీద ఎవరో దుప్పటి దులుపుతున్న చప్పుడు, సైకిలు బెల్లు, ఎక్కడో పిల్లల ఏడుపు. నా గదిలోనే ఇంత ఉంటే నేను ఇన్నాళ్ళూ సామాన్ల మధ్య ఏం చేస్తున్నట్టు?

ఒంటి మీదకి ఎనిమిది జతలు చాలు. పనికి నాలుగు, బయటికి మూడు, చలికి ఒకటి. కుట్టడానికి కూడా ఒకేసారి ఐదు కంటే ఎక్కువ ఒప్పుకోవడం లేదు. అక్షరాలు పెద్దవంటావా, కాగితం దగ్గర మాత్రం పొదుపు చెయ్యదల్చుకోలేదు.

నీ దగ్గరికి రాను. కోపం తెచ్చుకోకు. ఈ గదిలో, నా చేతి పనితో, ఎవరూ చెయ్యి పట్టుకోకుండా బతకాలి. నాకు కావలసింది ఇప్పుడు ఇదొక్కటే. మిగతావన్నీ నీకే పంపించానుగా, దీన్ని మాత్రం అడగకు.

ఇంక మిగిలింది అమ్మ నాడాల పెట్టె. అదీ తీసేస్తాను.

అక్క


పోయిన సామాన్ల గది
ఫిబ్రవరి 22

అక్కా,

నాడాల పెట్టె జోలికి వెళ్ళావంటే నీకూ నాకూ మాటల్లేవు.

అమ్మకి అక్షరం ముక్క రాదు. టేపు మీద అంకెలు కూడా రావు. మనిషి వస్తే నూలు నాడా పట్టుకుని కొలిచి, భుజం దగ్గరొక ముడి, ముంజేతి దగ్గరొకటి, నడుం దగ్గరొకటి వేసి, ఎవరిదో గుర్తుకి వాళ్ళ మొదటి బట్టలోని పేలిక చివర కట్టేది. రెండొందల మంది ఆ పెట్టెలో ఉన్నారు. అమ్మ పుస్తకాలంటే అవే. నేను దారాలు కత్తిరిస్తూ కూర్చునేదాన్ని గుర్తుందా? అది నా ఉద్యోగం. "లోపల ముడి కనబడితే కుట్టినదాని పరువు పోయినట్టేనే" అని అమ్మ, నువ్వు కుట్టినవి కూడా నా ముందు పడేసేది.

నేను ఇక్కడ ఎవరివో తెలియని చేతికర్రలు కూడా ఆరు నెలలు దాస్తాను. నువ్వు మనవాళ్ళనే పారేస్తావా?

గోదాం


మెట్ల మీది గది
మార్చి 19

చెల్లీ,

పారెయ్యలేదు. ఎవరివి వాళ్ళకి ఇచ్చేశాను.

మొదట పారేద్దామనే అనుకున్నాను, నిజం. పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఒక్కో పేలికా తడుముతూ కూర్చున్నాను. ఇది సైకిళ్ళు బాగుచేసే అతని ముతక నార. ఇది పంతులమ్మ ఊలు. నలభై ఏళ్ళ కిందటి గుడ్డ వేళ్ళ మధ్య పెట్టుకోగానే మనిషి వచ్చి ఎదురుగా నిలబడుతోంది. ఏం విచిత్రమో! వాటిని చెత్తలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. ఉంచుకోవడానికీ మనసు లేదు, అవి నావి కావు కదా.

అందుకని కబురు పెట్టాను. వారం రోజులు మెట్ల మీద జనమే. పుస్తకాలకి అట్టలు కట్టే అతను వచ్చాడు, యాభై దాటిన మనిషి. వాళ్ళ నాన్న నాడా అతని చేతిలో పెట్టాను. తండ్రి ఇతని చిన్నప్పుడే పోయాడు, ఒక ఫొటో కూడా లేదట. "ఇందులో ఏముందమ్మా?" అన్నాడు. "ఇక్కడ్నుంచి ఇక్కడికి మీ నాన్న చెయ్యి" అన్నాను. అతను ఆ నాడా తన భుజం మీద ఆనించి కిందికి జార్చాడు. ముడి సరిగ్గా అతని ముంజేతి ఎముక మీదికొచ్చి ఆగింది. వెంట్రుకవాసి తేడా లేదు. "నాన్న ఇంతే ఉండేవాడా?" అన్నాడు. "నేను నాన్న పొడుగుకి వచ్చేశానన్నమాట" అన్నాడు. అమ్మ నూలుపోగులో ఒక మనిషిని దాచిపెడితే, నేను ఇన్నేళ్ళూ ఆ పెట్టెని ఇస్త్రీ బల్ల కింద ఎత్తుకి పెట్టుకున్నాను.

ఇప్పుడు ఖాళీ పెట్టె కూడా అతనే పట్టుకెళ్ళాడు. నా దగ్గర రెండు నాడాలే ఉన్నాయి, నీదీ నాదీ. నీకు పదహారేళ్ళప్పుడు కొలిచింది. నడుం ఎంత సన్నమో చెబితే నువ్వే నమ్మవు.

అక్క

తా.క. నువ్వే వస్తానన్నావుగా, వేసవిలో రా. కానీ చేతిలో ఏమీ తేకు. పళ్ళయితే తే, తినేస్తే అయిపోతాయి.


క్వార్టర్సు, వెనక గది
మే 11

అక్కా,

నీ దగ్గర్నుంచి వచ్చి రెండు రోజులైంది. సామాన్ల గదిలో కాదు, ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. ఈ కుర్చీ దగ్గరికి రావడానికి రెండు పెట్టెలు దాటి, ఒక గొడుగుల కట్ట తొక్కి వచ్చాను. నీ గదిలో ఉండొచ్చాక నా ఇల్లు నాకే రద్దీ రైల్లా ఉంది.

నిజం చెప్పేస్తాను. నిన్ను తీసుకొద్దామనే వచ్చాను. టికెట్లు రెండు కొన్నాను, సంచి అడుగున దాచాను. తలుపు తెరిచావు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. గుడిసెలా ఉంటుందనుకున్నాను, బావురుమంటూ ఉంటుందనుకున్నాను. మంచం, బల్ల, మిషను, రెండు స్టూళ్ళు. ఒక గోడకి నీ ఎనిమిది జతలు, ఇంకో గోడకి ఐదు కోట్లు. మధ్యలో అంత వెలుతురు! నేల మీద ఎండ చతురస్రంగా పడి, సాయంత్రానికి మంచం ఎక్కి వెళ్ళిపోయింది. నేను రెండు రోజులూ దాన్నే చూస్తూ కూర్చున్నాను. నా ఇంట్లోనూ ఎండ పడుతుంది కాబోలు, ఎక్కడ పడుతుందో కనబడదు.

నిన్ను చూశాను. నువ్వు వెతకవు. ఆ మాట చెబుదామనే ఈ ఉత్తరం. రెండు రోజుల్లో ఒక్కసారి కూడా "ఎక్కడ పెట్టానబ్బా" అనలేదు. కత్తెర కావాలంటే చెయ్యి చాస్తావు, కత్తెర ఉంటుంది. కిటికీలోకి చూస్తూ గ్లాసులో నీళ్ళు పోశావు, అంచుకి అరంగుళం కింద ఆపావు. ఒక్క బొట్టు ఒలకలేదు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే "ఏమే?" అన్నావు. ఏమీ లేదన్నాను. అక్కా, నేను రోజుకి ముప్ఫైమందిని చూస్తాను, పోగొట్టుకున్న వస్తువు కోసం కళ్ళు చిట్లించుకుని వచ్చేవాళ్ళని. ఏ వస్తువూ పోగొట్టుకోని మనిషిని మొదటిసారి చూశాను. అది నా అక్క.

అందుకే రెండో టికెట్టు సంచిలోంచి తియ్యలేదు. కానీ పూర్తిగా వదల్లేదు సుమా. దీపావళి మతాబులా ఒక్క నెల వెలిగి ఆరిపోయే ముచ్చటో ఏమిటో చూస్తాను.

ఇంకో మాట. నువ్వు కూరలకి వెళ్ళినప్పుడు నీకు తెలియకుండా చిన్న మేలు చేశాను. చిన్నప్పటి నా ఉద్యోగమే. అంతకంటే చెప్పను, నీ కన్ను ఈపాటికి పడే ఉంటుంది. పడకపోతే నువ్వు అమ్మ కూతురివే కాదు.

గోదాం


మెట్ల మీది గది
మే 18

చెల్లీ,

ఈ అక్షరాలు నావి కావు. నేను చెబుతుంటే గుండీలాయన రాస్తున్నాడు. రాత మరీ గుండ్రంగా ఉందని బెంబేలు పడకు, ఆయన జీవితంలో చూసినవన్నీ గుండ్రటివే.

నాకు కళ్ళు పోతున్నాయి. దాచాను. డిసెంబరు నుంచి. పూర్తిగా చీకటి కాదు. సూటిగా చూసిన చోట ఏమీ ఉండదు, పక్కలు కనబడతాయి. నీ ముఖం చూద్దామని చూస్తే చెవులు మాత్రం కనబడ్డాయి. అవి మాత్రం బాగానే ఉన్నాయి. నలుపుకీ నీలానికీ తేడా తెలియదు. చదవలేను. నీ ఉత్తరాలన్నీ ఈయనే చదివి వినిపించాడు. డాక్టరు, చూపు ఇంకా తగ్గుతుందే గానీ పెరగదన్నాడు.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే మర్నాటి బండికే వచ్చి ఎత్తుకుపోతావు. అందుకే ముందు ఇల్లు తేలిక చేసుకున్నాను. చేతికి తెలిసినన్ని వస్తువులే ఉంచుకున్నాను. అవసరానికి మొదలుపెట్టాను, తర్వాత అదే సంతోషమైపోయింది. కిటికీ సంగతీ, గ్లాసు సంగతీ అబద్ధాలు కావు.

నువ్వు కాలరు లోపల చూసిన ముడులు అజాగ్రత్తవి కావే. నేను వేసుకున్నవి. ఎడమ మూల ఒక ముడి ఉంటే తెలుపు. కుడి మూల ఉంటే నలుపు. మధ్యలో రెండుంటే నీలం. అలా ఎనిమిది జతలకీ. గోడకున్న ఐదు కోట్లకీ ఎవరిదేదో తెలియడానికి అలాగే వేశాను, ఇచ్చే నిమిషంలో నేనే కత్తిరిస్తాను. అమ్మ మనుషుల్ని ముడులతో గుర్తు పెట్టుకుంటే నేను గుడ్డల్ని పెట్టుకున్నాను. నువ్వు పదమూడింటికీ కత్తిరించి వెళ్ళావు.

మర్నాడు పెళ్ళికొడుకు కోటూ, అదే పెళ్ళిలో బాజా వాయించే బ్యాండు మాస్టారి కోటూ పట్టుకెళ్ళడానికి మనుషులు వచ్చారు. కాలరులో వేలు పెట్టాను. నున్నగా ఉంది. అన్నిటికీ పెట్టాను. అన్నీ నున్నగానే ఉన్నాయి. వాళ్ళు నిలబడి ఉన్నారు. ఏదో రెండు తీసి ఇచ్చేశాను. భుజాలు తడిమినా తెలిసేది, అంత కంగారులో అదీ తోచలేదు. గంటకి మళ్ళీ పరుగున వచ్చారు. పెళ్ళికొడుకు కోటులో ఇంకొకడికి చోటుందట. బ్యాండు మాస్టారు బాకా నోటి దాకా ఎత్తలేకపోతున్నాడట.

గుండీలాయన చెయ్యి పట్టుకుని వెళ్ళాను. నా ఒంటి మీద నీలం చొక్కా, దాని కింద ఇటుకరంగు పావడా ఉన్నాయని అక్కడెవరో నవ్వితే తెలిసింది. ఇద్దరి భుజాలూ తడిమి కోట్లు మార్చి తొడిగాను. అక్కడితో సరిపోయేది. కానీ బ్యాండు మాస్టారు, "చిన్నపిల్లలకైనా తేడా తెలుస్తుంది, చూసుకోలేదా అమ్మా?" అన్నాడు. ఇస్త్రీ వాడి మీద తోసెయ్యొచ్చు. నోరు రాలేదు. "చూడలేదు నాయనా, నాకు కనబడదు" అన్నాను. పెళ్ళిలో వందమంది ఉన్నారు. సాయంత్రానికి మిగిలిన ముగ్గురూ వచ్చి కోట్లు పట్టుకుపోయారు. గుడ్డికన్ను మూస్తేనేం, తెరిస్తేనేం, నాకు కనబడదని తెలియనంతసేపే నా కుట్టుకి విలువ.

అదీ పెద్ద బాధ కాదు. అసలు బాధ విను. ఆ నాలుగు రోజులూ నా వేళ్ళు కూడా పోయాయనుకున్నాను. సూదితో గుచ్చుకుని చూశాను, నొప్పి తెలుస్తోంది, ముడి తెలియడం లేదు. అసలు ముడులు వేశానా, వేశాననుకున్నానా, మతి కూడా పోతోందా? డాక్టరు కళ్ళ మాట చెప్పిన రోజు కూడా నేను అంత భయపడలేదు. నాలుగు రోజులు మంచం మీదే ఉన్నాను. గ్లాసు ముట్టుకోలేదు. నువ్వు రమ్మన్న గదికి వచ్చేద్దామనుకున్నాను.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. "చిన్నప్పటి నా ఉద్యోగమే" అని ఈయన చదివేసరికి లేచి కూర్చున్నాను. మళ్ళీ చదవమన్నాను. కోపం రావాలి కదా, ముందు సంతోషం వచ్చింది. నా వేళ్ళు పోలేదు! నా మతి పోలేదు! అక్కడ ముడి లేదు కాబట్టి తగల్లేదు, అంతే! లేచి ఎనిమిది జతలకీ కుట్టు వెంట వేలు పోనిచ్చాను. నువ్వు కత్తిరించిన ప్రతిచోటా చీమ తలకాయంత దారం ముక్క మిగిలి ఉంది. పదమూడింటిలో ఎనిమిదీ దొరికాయి. నా వేళ్ళు చూసి నాకే ఆశ్చర్యం వేసింది, ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

తర్వాత కోపం కూడా వచ్చింది. అది గుండీలాయన రాయనంటున్నాడు.

అక్క

(అమ్మా, ఇది నా మాట. ఆమె మూడు రోజుల్నుంచి మళ్ళీ గ్లాసుతో నీళ్ళు తాగుతున్నారు. మీరు కంగారు పడి బండెక్కకండి. గుండీల కొట్టు.)


క్వార్టర్సు, ముందు గది
జూన్ 2

అక్కా,

గుండీలన్నయ్యగారూ, ఈ ఉత్తరం కాస్త మెల్లగా చదవండి. మధ్యలో ఆమె ఏడిస్తే ఆగండి. నేను ఏడ్చిన చోట్ల సిరా అలుక్కుపోయింది, ఏమనుకోకండి.

మేలు చేశానని మురిసిపోయాను అక్కా. నీ చెయ్యి వయసుతో సడలిందనీ, నీ పరువు నేను కాపాడాననీ అనుకున్నాను. మంచం మీద మోకాళ్ళేసుకుని, ఒక్కో కాలరూ తిరగేసి, దగ్గరికంటా కత్తిరించాను. కూనిరాగం కూడా తీశాను. ఆ రాగం గుర్తొస్తే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తోంది. నన్ను క్షమించు అనడానికి కూడా నోరు రావడం లేదు, అయినా అంటున్నాను.

ఉత్తరం రాగానే బండెక్కుదామని సంచి సర్దాను. మళ్ళీ ఆగాను. నీకు ఏం తీసుకుపోతున్నానో చూసుకుంటే నా దగ్గర జాలి తప్ప ఏమీ లేదు. దాంతో నీకేం పని?

అందుకని వేరే పని చేశాను. మధ్యాహ్నం బండి వెళ్ళిపోయాక సామాన్ల గది తలుపేసి, ఎవరో మర్చిపోయిన మఫ్లరు కళ్ళకి కట్టుకున్నాను. ఇరవై రెండేళ్ళు తిరిగిన గది. నా కుర్చీ నుంచి తలుపు దాకా పదకొండు అడుగులు. గొడుగుల మీద పడ్డాను. లేచి పెట్టెల మీద పడ్డాను. ఏదో మెత్తగా తగిలితే కెవ్వుమన్నాను, అది నా సొంత శాలువా. తలుపు దొరకడానికి చాలాసేపు పట్టింది. మఫ్లరు విప్పి గుమ్మంలో కూర్చున్నాను. కిటికీలోకి చూస్తూ నువ్వు నీళ్ళు పోసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. చప్పుడు విని ఆపావు కదూ! ఇంటికొచ్చి పోసి చూశాను. గ్లాసు నిండే కొద్దీ చప్పుడు సన్నబడుతోంది. యాభై ఆరేళ్ళొచ్చాయి, నీళ్ళు అలా మాట్లాడతాయని నాకు తెలియదు. నువ్వు ఎవరికీ చెప్పకుండా, ఎవరినీ అడక్కుండా, ఆ గదిలో ఒక్కదానివీ ఇవన్నీ కనిపెట్టావా? నేను నీకు చెల్లెల్ని అయినందుకు భయంగానూ గర్వంగానూ ఉంది.

ఇంకోటి ఒప్పుకోవాలి. నిన్ను రమ్మన్నది నీ కోసం అని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. అది నా కోసం. ఆయన పోయాక ఈ ఇంట్లో చప్పుడు లేదు. ఎవరూ తీసుకెళ్ళని సామాన్లు వేలంలో కొనుక్కొచ్చి పెట్టుకున్నాను, ఇల్లు నిండితే మనుషులున్నట్టుంటుందని. ఉండలేదు. పదిరోజులుగా పంచుతున్నాను. నీ గడియారం మాత్రం ఉంచుకున్నాను, గంటగంటకీ మాట్లాడుతుంది. నిన్న వెనక గదిలో నేల కనబడింది. ఎర్రటి నేల! ఆ రంగే మర్చిపోయాను. దాని మీద ఎండ పడుతోంది అక్కా, మా ఇంట్లో కూడా.

ఆ గది నీదే, ఎప్పుడైనా నాలుగు రోజులు ఉండి వెళ్ళడానికి. అంతకంటే అడగను.

ఈ కవరులోనే నీకు ఇంకో ఉత్తరం పెట్టాను. అది గుండీలన్నయ్యగారు చదవలేరు. అందులో అక్షరాలు లేవు.

నీ చెల్లెలు


మెట్ల మీది గది
జూన్ 14

నా గోదాంకి,

ఇది నా రాతే. గుండీలాయన అట్టముక్కలో వరసలు వరసలుగా గళ్ళు కోసిచ్చాడు. పెన్ను గాడిలోంచి బయటికి పోదు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే సర్దుకుని చదువు.

నీ మొదటి ఉత్తరం ఆయన చదివాడు. రెండుసార్లు ఆగాడు, ఒకసారి నాకోసం, ఒకసారి తనకోసం. రెండోది తీసి చూసి, "ఇదేదో నూలుపోగమ్మా" అని నా చేతిలో పెట్టి కిందికి వెళ్ళిపోయాడు. మంచి మనిషి.

తలుపేసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. చివర పేలిక ముందు చేతికొచ్చింది. మన గళ్ళ చొక్కాది. నేను పంపిన దాంట్లోంచే కత్తిరించావు, గళ్ళు వేళ్ళకి తెలుస్తాయే! అప్పుడు ముడుల మీదుగా వచ్చాను. ఇది నీ భుజం. ఇది చెయ్యి. ఇక్కడ ముంజేయి, చిన్నప్పుడు జారుడుబండ మీంచి పడి విరిగిన చెయ్యి, ఇప్పటికీ కాస్త పొట్టే. నేను పదహారేళ్ళ నాడా పక్కన పెట్టుకుని ఇదీ అదీ తడుముతూ పొద్దెక్కేదాకా కూర్చున్నాను. నలభై ఏళ్ళు నా చేతుల కింద నడిచి వెళ్ళాయి. డిసెంబరు నుంచి నీ ఉత్తరాలన్నీ ఇంకొకరి గొంతులో విన్నాను. ఇది నా ఒక్కదానికే వచ్చింది, నేనే చదువుకున్నాను. ఇంక నాకు ఉత్తరాలు రావనుకున్నాను చెల్లీ.

అర్థమైంది. జాలిపడి కొలతలు ఎవరూ పంపరు. కుట్టించుకోవాలనుకున్నవాళ్ళే పంపుతారు. చేతిలో ఇప్పుడు రెండు కోట్ల పని ఉంది. ఒకటి పెళ్ళికొడుకు వాళ్ళ నాన్నది, "చూడకుండా మా వాడి భుజం పట్టుకున్నారు, నాదీ పట్టుకోండి" అని వచ్చి ఇచ్చిపోయాడు. రెండోది నీది. బూడిదరంగు ఊలు, నీకు బాగుంటుంది. రంగు గుండీలాయనే చెప్పాడు, మెత్తదనం మాత్రం నేనే ఎంచాను. కాలరు లోపల ఎడమ మూల ఒక ముడి ఉంటుంది. దాన్ని కత్తిరించావో, చూసుకో!

ఒక్క మాట. నడుం దగ్గర దొంగతనం చేశావు. ముడి ఒకచోట వేసి, చూసుకుని, విప్పేసి, రెండంగుళాలు ఇవతల వేశావు. ఇద్దరం దాచేవాళ్ళమే, ఏ తల్లి పెంపకమో. కానీ విప్పిన చోట దారం ఇంకా కొంచెం వంకరగానే ఉంది. నా వేలికి తగిలింది.

ఆ వంకర ఉన్న చోటికే కత్తిరిస్తున్నాను. వచ్చి తొడుక్కో.

అక్క